జంబేరి కొమ్మ

వేంపల్లె చుట్టుపక్కల చీనీ తోట, అంటే బత్తాయి తోట, వేసే రైతు ఎవరైనా సరే, నర్సరీకి పోయి మొక్క ధర అడిగే ముందు ఒక మాట అడుగుతాడు. "అంటు ఎవరు కట్టినారప్పా?" జ్ఞానరాజు కట్టాడంటే బేరం ఉండదు. అతని చెయ్యి తగిలితే మొక్క బతుకుతుందని పేరు.

అతని తాత కాలంలో ఊళ్లో వీళ్లను అంటుకుంటే అంటు. ఇప్పుడు వీళ్లు అంటకపోతే అంటు లేదు. తాతను వాకిలి బయట నిలబెట్టిన ఇళ్లవాళ్లే మనవడి కోసం కారు పంపి, "ఒక్కసారి వచ్చి అంటిపో నాయనా" అని బతిమాలుతారు. కాలానికి కూడా అంటు కట్టే విద్య కొంచెం తెలుసన్నమాట.

పని చూడటానికి చిన్నదే. ముందు జంబేరి మొక్కలు పెంచాలి. జంబేరి అంటే మొరటు నిమ్మ. దాని కాయ కొరికితే పళ్లు విడాకులకు దరఖాస్తు పెట్టుకుంటాయి. అయితే దాని వేరు మాత్రం మొండిది, రాళ్ల మధ్యన కూడా దూరి నీళ్లు తాగి వస్తుంది. ఆ మొక్క కాండం మీద చాకుతో గాటు పెట్టి, మంచి చీనీ చెట్టు నుంచి తెచ్చిన చిగురు కన్నును అందులో దూర్చి పట్టీ చుడతారు. కన్ను చిగురు వేశాక పైనున్న జంబేరి తల నరికేస్తారు. ఇక కింద జంబేరి, పైన చీనీ. కింది నుంచి జంబేరి పిలక ఎప్పుడు తల ఎత్తినా దానికి కత్తే. "ఒకరి కన్ను పీకి ఇంకొకరికి పెట్టినా ఎవరూ గుడ్డోళ్లు కాని వైద్యం నాది" అని జ్ఞానరాజు గొప్పలు పోతాడు.

వారంలో ఆరు రోజులు చెట్ల పెద్ద అయితే, ఏడో రోజు సంఘ పెద్ద. అతని ఊరు నందులపేటలో కడప బండలతో కట్టిన పాత క్రైస్తవ గుడి ఒకటి ఉంది. దొరల కాలం నాటిది. ఆ గుడిలో ఏటా కోత పండుగ చేస్తారు. ఎవరి చేలో పండింది వాళ్లు గంపలకెత్తుకుని, పాడుకుంటూ, ఊరేగింపుగా వచ్చి దేవుని బల్ల ముందు పెడతారు. ఆ వరసలో అందరికంటే ముందు నడిచేది తొలి గంప. ఊళ్లో మొదట బాప్తిస్మం తీసుకున్న ఇంటివాళ్లే దాన్ని ఎత్తాలని ఆచారం. ఆ ఇల్లు శాంతయ్యది. ముత్తాత ఎత్తాడు, తాత ఎత్తాడు, తండ్రి ఎత్తాడు, తర్వాత శాంతయ్య ఎత్తాడు.

ఏడేళ్ల కిందట గుడిలో ఫ్యాన్లు సర్దుతూ, శాంతయ్య బెంచీ మీదున్న ఫ్యానును తీసి ఆడవాళ్ల వైపు బిగించారు. ఫ్యాను ఆగింది, ఆయన గిర్రున తిరిగాడు. "ఇంకోసారి ఈ గుడి గడప తొక్కితే నా పేరు శాంతయ్య కాదు" అని లేచిపోయాడు. ఆ మనిషిలో శాంతం మొదటి నుంచీ లేదు కనుక పేరు పోతుందని ఎవరూ బెంగపెట్టుకోలేదు. ఆదివారం ఆదివారం బస్సెక్కి కడపలో పెద్ద డేరా కూటాలకు పోసాగాడు. అంత దూరం కడప తొక్కాడు గానీ, ఇంటి ముందరి గడప తొక్కలేదు.

తొలి గంప ఖాళీగా ఉండకూడదు కదా! పెద్దలు దాన్ని జ్ఞానరాజు నెత్తికెత్తారు. అతని ఇల్లు సంఘంలోకి వచ్చినవాళ్లలో చివరిది. వాళ్ల నాయన బాప్తిస్మం తీసుకున్నప్పుడు శాంతయ్య తండ్రే పక్కన నిలబడి ప్రార్థన నేర్పాడు. అలాంటి చివరింటి మనిషికి మొదటి గంప! నెత్తిన బరువు పెట్టుకుని తల ఎత్తుకు నడిచే రోజు ఏడాదికి ఒక్కటే వస్తుంది. ఆ రోజు కోసం జ్ఞానరాజు మిగతా ఏడాదంతా ఎదురుచూస్తాడు. ఆ మాట ఎవరితోనూ అనడు, భార్యతో కూడా.

ఈసారి పండుగ వారం ఉందనగా శాంతయ్య కూతురు రెజీనా వచ్చి వాకిట్లో నిలబడింది.

"బావా, మా నాయన ఆదివారం గుడికి వస్తాడంట."

"రానీమ్మా, సంతోషం."

"తొలి గంప ఆయనే ఎత్తుతాడంట."

జ్ఞానరాజు సంతోషం అక్కడే సగం చచ్చింది. సంఘ పెద్దలను అడిగితే "నీ నెత్తి, నీ ఇష్టమప్పా" అని చేతులు దులుపుకున్నారు. పాస్టరుగారు యేసుప్రసాద్ కర్నూలు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. ఊళ్లో ఎవరు ఎవరికి ఏమవుతారో ఇంకా తేల్చుకోలేక, అందరికీ నవ్వుతూ దండం పెడుతున్నాడు. ఆయన ఇంకో మెలిక వేశాడు. నర్సరీకి వచ్చి నీడలో కూర్చుని అన్నాడు.

"పండుగ రోజు వాక్యం మీరే చెప్పాల. బైబిల్లో రోమా సంఘానికి పౌలు రాసిన ఉత్తరంలో అంటు కట్టే మాట ఉంది కదా, ఇశ్రాయేలు గురించి, ఆ యూదుల గురించి. అంటు సంగతి మీకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు?"

జ్ఞానరాజు కళ్లు మెరిశాయి. అప్పటికప్పుడే చేతిలోని మొక్కను చూపించాడు. "దాంట్లో చెప్పేదేముండాది అయ్యగారూ! కిందుండే జంబేరి ఇశ్రాయేలు. పైనుండే చీనీ మనం. వాళ్ల పని భూమిలో అయిపోయినాది. ఇంక కాయాల్సింది మనమే. కింది నుంచి పిలక వచ్చిందనుకో..." అంటూ చాకుతో ఠక్కున కోశాడు. "ఇంతే."

కోసింది పిలకనే. మనసులో కోసింది మాత్రం శాంతయ్యను. పాస్టరుగారు ఏదో అనబోయాడు గానీ, ఈలోగా మొక్కల లారీ వచ్చింది.

రాత్రి అన్నం తింటూ భార్య కృపమణికి మొత్తం ప్రసంగం వినిపించాడు. ఆమె పప్పు వడ్డిస్తూ వింది.

"అయితే ఇశ్రాయేలోళ్లతో మనకేం పని లేదంటావు?"

"ఒకప్పుడు ఉండ్య. ఇప్పుడు లేదు."

"మీ నాయన పేరేంది?"

"యాకోబు."

"మీ అన్న పేరు?"

"అబ్రహామయ్య. ఏమ్మే, కొత్తగా అడుగుతాండావు?"

"నీ చెల్లెలు మిర్యాము. నా మేనత్త రూతమ్మ. పొద్దున లేస్తే మనం పాడుకునే కీర్తనలు వాళ్లవి. యేసయ్య పుట్టింది వాళ్లింట్లో. అన్నీ వాళ్ల ఇంట్లోంచి తెచ్చుకుని, ఇంటోళ్లతో పనిలేదంటావు!"

"వేరు భూమిలో ఉంటాది కృపా. పైకి కనపడదు."

"నీ మొలతాడు కూడా కనపడదు. తెంచి చూడు, గుట్టు తెలుస్తాది."

జ్ఞానరాజుకు పొలమారింది. నీళ్లు తాగి, తేరుకుని, గొంతు పెంచాడు. "రాసిండేది అదే అయితే నేనేం చేసేది?"

"చదివినావా మళ్లా?"

"చిన్నప్పట్నుంచి వింటాండా. అంటు కట్టేటోనికి అంటు గురించి చదివేదేముండాది?"

కృపమణి పప్పు గిన్నె తీసుకుని లోపలికి పోయింది. ఆమె మాట్లాడితే భరించవచ్చు. మాట్లాడకపోతేనే అతనికి నిద్ర పట్టదు.

ఇశ్రాయేలీయులంటే నందులపేటవాళ్లకు పరాయివాళ్లు కారు. పిల్లలకు ఆదివారం బడిలో చెబితే సొంత చుట్టాల కథలాగే వింటారు. కరువొస్తే మూటాముల్లె కట్టుకుని ఐగుప్తుకు, అదే ఈజిప్టుకు, పోయారంటే, వీళ్లు బెంగుళూరుకు పోయినట్టే. బావి కాడ కొట్లాట అంటే చెప్పనే అక్కర్లేదు. నలభై ఏళ్లు నీళ్లు లేని చోట తిరిగారని చెబితే పెద్దవాళ్లు ఒక్కరూ ఆశ్చర్యపోరు. "నలభయ్యేనా?" అంటారు. సీమలో బోర్లు వేసి వేసి ఎడారిని ఇంటికే తెచ్చుకున్నవాళ్లు మరి. మోషే బండను కొడితే నీళ్లు వచ్చాయన్నప్పుడు మాత్రం, ఆ పాయింటు ఎవరు చూపించారని అడుగుతారు.

ఆదివారం గుడి కిక్కిరిసింది. జ్ఞానరాజు ఇస్త్రీ పంచె కట్టి, అంటు మొక్క ఉన్న కుండీ ఒకటి తెచ్చి ప్రసంగ వేదిక మీద పెట్టాడు. మొక్క అడుగున ఒక జంబేరి పిలకను కావాలనే ఉంచాడు. ప్రసంగం చివర అందరూ చూస్తుండగా దాన్ని కోసెయ్యాలని, చాకు జేబులో వేసుకున్నాడు.

గుడి బయట అరుగు మీద గంపల వరస. అన్నిటికంటే ముందు అతని చీనీకాయల గంప. దాని పక్కనే, అంగుళం ముందుకు, రెజీనా ఒక శనక్కాయల గంప దించి పోయింది. ఆ వెనకే శాంతయ్య వచ్చాడు. ఏడేళ్లలో మనిషి బాగా వంగిపోయాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కుడికాలు పెట్టి లోపలికి వచ్చి, చివరి బెంచీలో కూర్చున్నాడు. గుడంతా వెనక్కి తిరిగి చూసింది. పాట సగం మంది నోళ్లలో తెగిపోయింది.

పాస్టరుగారు లేచి వాక్యభాగం చదవసాగాడు. మంచి ఒలీవ చెట్టు ఒకటి ఉంది. దాని కొమ్మలు కొన్ని విరిచివేయబడ్డాయి. అడవి ఒలీవ కొమ్మవైన నిన్ను తెచ్చి ఆ మంచి చెట్టుకు అంటు కట్టారు...

"ఆగండి అయ్యగారూ!"

అరిచింది సుంకప్ప. బాప్తిస్మంలో అతనికి పేతురు అని పేరు పెట్టారు గానీ, ఆ అంటు పట్టలేదు. ఊరికి ఇప్పటికీ సుంకప్పే. ఆరెకరాల చీనీ తోట ఉన్న మనిషి.

"తిరగేసి చదువుతాండారు. మంచి కన్ను తెచ్చి అడవి మొక్కకు కడతారు గానీ, అడవి కొమ్మ తెచ్చి మంచి చెట్టుకు కట్టేటోడు యాడన్నా ఉండాడా?"

పాస్టరుగారు మళ్లీ చూసుకున్నాడు. "ఇట్లనే ఉంది సుంకప్పా."

"అచ్చుతప్పేమో!" అన్నారు ఇంకెవరో.

"మా ఇంట్లో పాత బైబిలు ఉండాది, తెప్పిద్దామా?"

"నా ఫోన్లో కూడా అట్లనే ఉండాది మామా!"

"అయితే ఫోను తప్పు!"

అంతా చీనీ రైతులే, చీనీ కూలీలే. చదువు లేనివాడికి కూడా అంటు సంగతి తెలుసు. వేదాంతంలో ఎన్నడూ నోరు విప్పనివాళ్లు ఆ రోజు లేచి నిలబడి మాట్లాడారు. ఎవరో తేల్చి చెప్పారు. "పౌలు డేరాలు కుట్టేటాయప్ప గదా! ఆయనకు తోటపని యాడ తెలుస్తాది? పాపం, మనసు మంచిదే." గుడంతా గొల్లున నవ్వింది.

ఆడవాళ్ల వైపు నుంచి కృపమణి లేచింది. "అయ్యగారూ, ఆ కింది ముక్క కూడా చదవండి."

చదివాడు. ఇలా కట్టడం చెట్టు స్వభావానికి విరుద్ధమేనని పౌలే రాశాడు. తెలిసే రాశాడు. ఇంకా ముందే ఒక మాట ఉంది. కొమ్మవు నువ్వు అతిశయపడవద్దు, నువ్వు వేరును మోయడం లేదు, వేరే నిన్ను మోస్తోంది.

అందరి చూపులూ వేదిక మీదికి తిరిగాయి.

జ్ఞానరాజు కుండీ పక్కన నిలబడి ఉన్నాడు. చెప్పాలనుకున్నదంతా బుర్రలో నుంచి దొర్లిపోయింది. ముప్పై ఏళ్లుగా చేతులు చేస్తున్న పని ఒకటి, పుస్తకం చెబుతున్నది దానికి తలకిందులు. వేరు అడవిది కాదట, మంచిదట. అడవిది కొమ్మట. మరి ఆ అడవి కొమ్మ ఎవరు? చీనీ అనుకుని పంచె ఇస్త్రీ చేసుకు వచ్చిన మనిషికి, తాను జంబేరినని నిండు గుడిలో తెలియడం అంత సుఖమైన సంగతి కాదు.

"నేను..." అన్నాడు. కుండీని పక్కకు జరిపాడు. "నేను ఒకటి అనుకుని వచ్చినా. అది కాదంట. ఏమనుకోవాకండి."

"పరవాలేదు, చెప్పప్పా" అన్నాడు సుంకప్ప. తప్పు పట్టింది తానే కాబట్టి ధైర్యం చెప్పే బాధ్యత కూడా తనదే అనుకున్నాడు.

"సుంకప్పా, నువ్వే చెప్పు. మంచి చెట్టుకు జంబేరి కొమ్మ కడితే ఏం కాస్తాది?"

"జంబేరే కాస్తాది. పులుపు."

"వేరు ఎంత మంచిదైనా?"

"వేరు ఏం చేస్తాదప్పా, కొమ్మ బుద్ధి కొమ్మదే గదా."

"నా నర్సరీలో ఎవడన్నా ఈ పని చేసినాడనుకో, ఆ పొద్దే ఇంటికి పంపిస్తా." జ్ఞానరాజు కుండీలోని పిలకను వేలితో తాకాడు. "దేవుడు చేసినాడంట. ఇది పులుపే కాస్తాదని తెలిసీ, పక్క బీడు నేలలో ముళ్ల మధ్యన ఉండే కొమ్మను తెచ్చి కట్టినాడంట. ఆ చెట్టు ఇశ్రాయేలు. అబ్రాహాముకు ఇచ్చిన మాట దాని వేరు. ఆ కొమ్మ మనం. మా నాయన. నేను."

ఎవరూ నవ్వలేదు.

వెనక నుంచి ఒకాయన అడిగాడు. "మరి వాళ్లు యేసయ్యను ఒప్పుకోలేదు గదా రాజన్నా? వాళ్ల సంగతి అయిపోయినట్లే గదా?"

ఈ ప్రశ్నకు జ్ఞానరాజు దగ్గర వారం కిందట మంచి జవాబు ఉండేది, దానికి చాకు కూడా ఉండేది. ఇప్పుడు నెమ్మదిగా వెతుక్కుంటూ మాట్లాడాడు.

"కొందరు ఒప్పుకోలేదు. విరిగినారు. నిజమే. కానీ మాట ఇచ్చింది ఎవరు? దేవుడు గదా. ఒప్పుకోనిది వాళ్లయితే మాట తప్పేది ఆయనా? పిలిచినోళ్లను పిలవలేదని అనడంట. అయ్యగారూ, ఉండాది గదా ఆ మాట కూడా?"

"ఉంది" అన్నాడు పాస్టరుగారు.

"వాళ్లతోనే మాట తప్పినాడనుకో, రేపు మనతో నిలబెడతాడని ఏం నమ్మకం? వాళ్లకు ఇచ్చిన మాట నిలిచిందంటేనే గదా మనం బతికేది."

ఇంకొకటి మిగిలింది. అది చెప్పకుండా దిగిపోవచ్చు. దిగిపోదామనే అనుకున్నాడు. కానీ కృపమణి అటు నుంచి చూస్తోంది.

"విరిగిన కొమ్మ సంగతి..." అన్నాడు, చివరి బెంచీ వైపు చూడకుండా. "కోసిన కొమ్మను తడి గోనెలో చుడితే రెండు దినాలు, మహా అయితే ఇంకో దినం బతుకుతాది. ఆ తర్వాత నేనే కాదు, మా గురువు వచ్చినా అతకదు. పొయ్యిలోకి పనికొస్తాది. అయితే దేవుడు వాళ్లను మళ్లా ఆ చెట్టుకే కట్టగలడని రాసిండాది. ఎట్ల కడతాడో నాకు తెలీదు. నా చేతనయ్యే పని కాదు అది."

ఆమెన్ కూడా చెప్పకుండా కూర్చున్నాడు. కుండీలో పిలక అలాగే ఉంది.

బోధ మారినంత సులువుగా బుద్ధి మారదు. ఊరేగింపు కట్టడానికి అందరూ బయటికి వస్తుంటే, జ్ఞానరాజు కాళ్లు తమంతట తామే చీనీకాయల గంప దగ్గరికి పోయాయి. అక్కడ శాంతయ్య అప్పటికే నిలబడి ఉన్నాడు.

"ఏం అల్లుడా, నన్ను ఎండు కట్టె అంటివి?"

"నీ పేరు ఎత్తలేదు మామా."

"పేరు ఎత్తకుండా తిట్టేదాన్నే గదా ప్రసంగమనేది!" శాంతయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "దేవుని వాకిట్లో అబద్ధమెందుకు? నేను గంప కోసమే వచ్చినా. నాకు పానం బాగలేదు. వచ్చే యేడు ఉంటానో లేదో. మా నాయన నడిచినట్ల ఒక్కసారి ముందర నడిచి పోవాలని ఆశ."

"నాకూ అబద్ధమెందుకు మామా? ఇయ్యాలని లేదు నాకు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏడేళ్లలో వాళ్లు చెప్పుకున్న మొదటి నిజాలు అవే. పాస్టరుగారు దండం పెట్టడానికి కూడా మర్చిపోయాడు.

గంపకు ఒక ధర్మం ఉంది. నిండు గంపను ఎవడూ తన నెత్తికి తాను ఎత్తుకోలేడు. ఇంకొకడు వంగి, పట్టి, ఎత్తి పెట్టాలి. శాంతయ్య ఆ ఇంకొకడి కోసం నిలబడి ఉన్నాడు. అడగడు. అడిగే మనిషే అయితే ఫ్యాను రోజునే అడిగేవాడు.

జ్ఞానరాజు భుజం మీది తువ్వాలు తీశాడు. గుండ్రంగా తిప్పి చుట్ట చేశాడు. ముసలాయన నెత్తి మీద పెట్టి సరిచేశాడు. శనక్కాయల గంపకు చెయ్యి వేసి, "ఆ పక్క పట్టమ్మా" అని రెజీనాతో అన్నాడు. ఇద్దరూ కలిసి ఎత్తి పెట్టారు. శాంతయ్య మెడ నరాలు బిగుసుకున్నాయి. నడుము మాత్రం ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడో, నిటారుగా నిలబడ్డాడు.

పాట అందుకున్నారు. తొలి గంప కదిలింది.

కదిలిందనే గానీ, నడుస్తున్నదని చెప్పడానికి లేదు. శాంతయ్య అడుగుకూ అడుగుకూ మధ్య ఒక చరణం పట్టేది. పాట అయిపోయి మళ్లీ మొదలైంది. మళ్లీ అయిపోయింది. వెనక వరసలో పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. "ఐగుప్తు నుంచి వచ్చేటోళ్లు కూడా ఇంతకంటే బిరీన వచ్చింటారు" అని సుంకప్ప గొణిగాడు.

రెండో గంప జ్ఞానరాజుది. కృపమణి వచ్చి అతని నెత్తికెత్తింది. చెయ్యి తీసే ముందు గంపను ఒకసారి సర్ది పోయింది. ఈ రాత్రి నిద్ర పడుతుంది. ముందు నడిచిన ఆరేళ్లూ అతనికి గుడి ద్వారం కనిపించేది. ఇప్పుడు ఒక ముసలి వీపు కనిపిస్తోంది. ఆ వీపు వణుకుతోంది.

ద్వారం మెట్టు దగ్గర శాంతయ్య కాలు తడబడింది. శనక్కాయలు నాలుగు జారి రాలాయి. జ్ఞానరాజు ఒక చేత్తో తన గంపను పట్టుకుని, ఇంకో చెయ్యి ముందుకు చాచి ముసలాయన గంప అడుగున పెట్టాడు.

శాంతయ్య వెనక్కి తిరగలేదు. తిరిగే వీలూ లేదు.

"చెయ్యి తియ్ రా. నా గంప ఇది."

"నీదే లే మామా. నడువు."